మొహర్రం పదో నాడు మరాకెష్‌లో డోళ్లెందుకు?

మొహర్రం పదో రోజంటే తెలుగువాళ్లకు కళ్ల ముందు మెదిలేది సంతాపమే. హైదరాబాద్‌లో డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా సాగే బీబీ కా ఆలం ఊరేగింపు, నల్లబట్టలు, గుండెలు బాదుకునే మాతం. పల్లెల్లో అయితే పీర్ల చావిడి, దాని ముందు నిప్పుల గుండం, ఆఖరి రోజు పీర్లను ఏటికో బావికో సాగనంపడం. వీటిని చూస్తూ పెరిగిన మనిషి అదే రాత్రి మొరాకోలోని మరాకెష్ పాత ఊళ్లో అడుగుపెడితే బిత్తరపోతాడు. వీధి వీధినా మట్టి డోళ్లు మోగుతుంటాయి. దుకాణాల ముందు బాదం, ఖర్జూరం, ఎండు అంజీర్ గుట్టలు పోసి ఉంటాయి. సందు చివర మంట, దాని చుట్టూ పిల్లల కేకలు. తెల్లారితే నీళ్ల తుపాకులు. ప్రవక్త మనవడు హుసేన్ కర్బలాలో అమరుడైన రోజున ఇదేం సందడి?

“వాళ్లు సున్నీలు, ఇక్కడివాళ్లు షియాలు” అని తేల్చేయడం సులువు. అది నిలబడే మాట కాదు. తెలంగాణ పల్లెల్లో పీర్లను ఎత్తుకునేవాళ్లలో షియాలు ఎంతమంది? అక్కడ ఎక్కువగా కనిపించేది హిందువులు, సున్నీ ముస్లింలే. ఇక మొరాకో చరిత్ర ప్రవక్త వంశంతోనే ముడిపడింది. అప్పటి ఖలీఫాలైన అబ్బాసీల చేతిలో ఓడి పారిపోయి 788లో అక్కడికి చేరిన ఇద్రీస్, హుసేన్ అన్న హసన్‌కు మునిమనవడు. ఆయన స్థాపించిన వంశంతోనే ఆ దేశపు ముస్లిం రాజరికం మొదలైందని మొరాకో వాళ్లు చెప్పుకుంటారు. ఇప్పుడు ఏలుతున్న అలవీ రాజవంశం కూడా హసన్ సంతతినే తనదిగా చెప్పుకుంటుంది. అలాంటి దేశంలో జనం హుసేన్ మరణానికి సంబరపడుతున్నారనుకోవడం పెద్ద పొరపాటు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, మొరాకోలో ఆషూరా (మొహర్రం పదో రోజు పేరు) అనేది ఒకే పండుగలా కనిపించే ఒక మూట. ఉపవాసం, దానం, చనిపోయినవాళ్ల స్మరణ, బక్రీద్ మాంసపు ఆఖరి వంట, ఆడపిల్లల పాటలు, మగపిల్లల మంట, నీళ్లు: ఇవన్నీ ఒక్క తేదీ మీద వచ్చి పడ్డాయి. వీటి పుట్టుకలు వేరు, కాలాలు వేరు. ఒకే ఇంట్లో తండ్రి జకాత్ (ఏటా తప్పనిసరిగా ఇచ్చే దానం) లెక్క చూసుకుంటుంటాడు, నాయనమ్మ శ్మశానానికి బయల్దేరుతుంది, మనవరాలు డోలు పట్టుకుని వీధిలో ఉంటుంది. ఎవరి ఆషూరా వారిది. మూట విప్పి ఒక్కొక్కటీ చూస్తే తప్ప ఇది అర్థం కాదు.

ముందు తేదీ సంగతి

ఇస్లామీ పంచాంగం పూర్తిగా చాంద్రమానం. మన తెలుగు పంచాంగంలా అధికమాసం వేసి సూర్యుడితో సరిపెట్టే పద్ధతి అందులో లేదు. ఏడాదికి 354 లేదా 355 రోజులు. అందుకే ఆషూరా ఏటా 10, 11 రోజులు వెనక్కి జరుగుతూ సుమారు 33 ఏళ్లకు అన్ని రుతువులనూ చుట్టి వస్తుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మంటల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మొరాకోలో ప్రతి నెలా మొదటి తేదీని హబూస్ (వక్ఫ్ ఆస్తులు), ఇస్లామీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ప్రకటిస్తుంది. నెలవంక మామూలు కంటికి కనబడాలన్నది అక్కడి నియమం. సౌదీ అరేబియా పాటించే తేదీకి ఇది తరచూ ఒక రోజు వెనక ఉంటుంది. 2024లో సౌదీలో ఆషూరా జులై 16న వస్తే మొరాకోలో జులై 17న వచ్చింది. 2025లో సౌదీలో జులై 5, మొరాకోలో జులై 6. ఆ రెండేళ్లూ మొరాకో తేదీ, భారతదేశంలో మొహర్రం తేదీ ఒకటే. ఫోన్‌లోని ఏదో యాప్ సౌదీ లెక్క చూపిస్తుంటే దాన్ని నమ్మి ఉపవాసం ఉన్న మొరాకో మనిషి తన ఊరి తొమ్మిదో రోజున పదో రోజు ఉపవాసం చేసినవాడవుతాడు. యూరప్‌లో స్థిరపడ్డ మొరాకో కుటుంబాలకు ఈ తగువు మరీ ఎక్కువ: పక్కింటి వాళ్లు ఒక రోజు, సొంతూళ్లో అమ్మ ఇంకో రోజు.

ఇంకో తికమక కూడా ఉంది. మనకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ఇస్లామీ లెక్కలో సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కాబట్టి “ఆషూరా రాత్రి” అంటే పదో తేదీ పగలు గడిచాక వచ్చే రాత్రి కాదు, దానికి ముందు రాత్రి. డోళ్లు, మంటలు, పెద్ద వంట అన్నీ ఆ రాత్రివే.

ఉపవాసం కర్బలా కంటే పాతది

ఆషూరా ఉపవాసానికీ కర్బలాకూ సంబంధం లేదు. కర్బలా యుద్ధం జరిగింది హిజ్రీ 61లో, అంటే 680 అక్టోబర్‌లో. ఉపవాసం అంతకు అర్ధశతాబ్దం పైచిలుకు ముందు నుంచే ఉంది. ప్రవక్త మదీనాకు వచ్చినప్పుడు అక్కడి యూదులు, మూసాను (బైబిల్ మోషేను) ఫరో బారి నుంచి దేవుడు కాపాడిన రోజని ఉపవాసం ఉంటున్నారు. “మూసా మీద మీకంటే మాకే ఎక్కువ హక్కు” అన్న అర్థంలో ప్రవక్త తానూ ఉండి, తనవాళ్లనూ ఉండమన్నారని హదీసులు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలు) చెబుతాయి. హిజ్రీ రెండో ఏట, అంటే 624లో, రంజాన్ ఉపవాసాలు విధి అయ్యాయి. అప్పటి నుంచి ఆషూరా ఇష్టమైనవాళ్లు ఉండే ఉపవాసంగా మారింది. ఆ ఒక్క రోజు ఉపవాసం గడిచిన ఏడాది పాపాలకు ప్రాయశ్చిత్తమవుతుందన్న హదీసు మొరాకోలో చిన్న పిల్లలకు కూడా తెలుసు.

యూదుల ఆచారానికి భిన్నంగా ఉండాలని తొమ్మిదో రోజు కూడా కలిపి ఉండటం మేలంటారు. తొమ్మిదో రోజును తాసూఆ అంటారు. మొరాకోలో దాదాపు అందరూ అనుసరించే మాలికీ (సున్నీ న్యాయ శాఖల్లో ఒకటి) సంప్రదాయంలోనూ ఇదే మాట. పద్ధతి రంజాన్ రోజాలాంటిదే: తెల్లవారుజామున ఫజర్ వేళ నుంచి సూర్యాస్తమయం దాకా తిండీ నీళ్లూ ఉండవు. జులైలో పడితే మొరాకోలో అది సుమారు 16 గంటలు. పెద్ద విందు పడేది తొమ్మిదో రోజు ఉపవాసం విరమించాక, పదో రోజు ఉపవాసం మొదలుకాక ముందు. విందు, ఉపవాసం ఒకదాన్నొకటి తొక్కుకోకపోవడానికి కారణం ఈ అమరికే. అయితే ఆ విందులో వాడే మాంసం ఉప్పులో ఊరినది. రాత్రి అది దండిగా తిని, సరిగా నీళ్లు తాగకుండా పడుకున్నవాళ్లకు మర్నాడు మధ్యాహ్నానికే నాలుక పిడచగట్టుకుపోతుంది.

సంతోషాన్ని ఎవరు తెచ్చారు?

ఇక్కడే అసలు వివాదం. ఆషూరా రోజున ఇంటివాళ్ల మీద ధారాళంగా ఖర్చు పెడితే ఏడాదంతా దేవుడు ధారాళంగా ఇస్తాడన్న ఒక హదీసు చెలామణీలో ఉంది. అది బలమైనదా కాదా అన్నది పండితుల మధ్య శతాబ్దాల నాటి తగువు. మాలికీ పండితుల్లో చాలామంది ఆ ఖర్చును మంచి పనిగానే చూశారు. పిల్లలకు బొమ్మలు, ఇంటికి పండ్లు కొనడానికి మొరాకో జనం చెప్పుకునే ఆధారం అదే.

ఉత్తరాఫ్రికాలో షియా పాలన కూడా నడిచింది. ఫాతిమీ వంశం 909లో ఇప్పటి ట్యునీసియా ప్రాంతంలోనే పుట్టి, 973లో కైరోకు తరలింది. ఈజిప్టులో వాళ్లు ఆషూరాను శోకదినంగా జరిపారు. అంగళ్లు మూసేవారు. ఖలీఫా ఆస్థానంలో “దుఃఖపు విస్తరి” అని ఒకటి వేసేవారు: పప్పు, బార్లీ రొట్టె, ఉప్పు వేసిన జున్ను లాంటి పేదతిండి. 1171లో సున్నీ సేనాని సలాహుద్దీన్ ఆ ఖలీఫా పాలనకు తెర దించాడు. తర్వాత వచ్చిన ఆయన వంశీకులు అయ్యూబీలు అదే రోజును కావాలనే సంతోషదినంగా మార్చారని, స్నానాలు, కళ్లకు సుర్మా, ఇంటివాళ్లకు మిఠాయిలు పెట్టించారని 15వ శతాబ్దపు ఈజిప్టు చరిత్రకారుడు మఖ్రీజీ రాశాడు.

అది ఈజిప్టు కథ. దాన్ని ఎత్తి మొరాకో మీద పెట్టేసి “ఇదంతా హుసేన్ శత్రువుల సంబరం” అనేవాళ్లు ఇప్పుడు మొరాకోలోనే ఉన్నారు. తమాషా ఏమిటంటే, అదే డోలును, అదే పాటను చూపించి “ఇదంతా షియాల నుంచి మిగిలిన ఏడుపు, మానేయండి” అనేవాళ్లూ ఉన్నారు. ఒకే మట్టి డోలు మీద రెండు పూర్తి వ్యతిరేకమైన నేరారోపణలు! రెండూ ఒకేసారి నిజం కాలేవు. నిజానికి డోలు కొనుక్కునే పదేళ్ల పిల్లకు ఈ రెండు రాజకీయాలతోనూ పనిలేదు.

పదో వంతా, నలభయ్యో వంతా?

మొరాకోలో ఆషూరాకు బరువు తెచ్చేది మంటలూ డోళ్లూ కాదు, జకాత్. చాలామంది వ్యాపారులు ఏడాది లెక్క చూసుకుని జకాత్ తీసేది ఈ రోజునే. జనభాషలో దాన్ని “అషూర్” అనేస్తారు. ఆషూరా అంటే పదో రోజు, అషూర్ అంటే పదో వంతు, రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. ఈ శబ్ద సామ్యం వల్లే ఆషూరా అంటే జకాత్ రోజన్న భావన జనంలో గట్టిపడి ఉంటుంది. మతపరంగా చూస్తే రెంటికీ లంకె లేదు.

పదో వంతు అనేది పంటల మీద పడేది. వానతో పండిన ధాన్యానికి 10 శాతం, ఖర్చుపెట్టి నీళ్లు తోడి పండిస్తే 5 శాతం. అది కోత నాడే ఇవ్వాలి, ఆషూరా దాకా ఆగకూడదు. డబ్బు, బంగారం, సరుకుల మీద పడేది 2.5 శాతం, అంటే నలభయ్యో వంతు. దానికి రెండు షరతులు: సొమ్ము నిసాబ్ అనే కనీస పరిమితి దాటాలి, దాని మీద ఒక పూర్తి చాంద్రమాన సంవత్సరం గడవాలి. బంగారంతో కొలిస్తే నిసాబ్ 85 గ్రాములు, వెండితో కొలిస్తే 595 గ్రాములు. నేటి ధరల్లో ఈ రెండిటి మధ్య తేడా చాలా పెద్దది కాబట్టి, ఏ లోహంతో కొలుస్తున్నామన్న దాన్నిబట్టి ఒక చిరుద్యోగి ఇచ్చేవాడవుతాడో పుచ్చుకునేవాడవుతాడో తేలుతుంది.

ఫెజ్ నగరంలో ఒక బట్టల వ్యాపారిని ఊహించండి. దుకాణంలో సరుకు ఈ రోజు అమ్మకం ధరకు 3,00,000 దిర్హామ్‌లు చేస్తుంది. చేతిలో 40,000 ఉన్నాయి. తప్పక వస్తాయనుకున్న బాకీలు 60,000. అతను ఇవ్వాల్సినవి 1,00,000. నికరం 3,00,000, జకాత్ 7,500. ఇందులో జరిగే పొరపాట్లు ఏటా అవే. సరుకును కొన్న ధరకు లెక్కేస్తారు, లెక్కేయాల్సింది ఆ రోజు ధరకు. బీరువాలు, తరాజు, బండి కూడా కలిపేస్తారు, అవి అమ్మకపు సరుకు కాదు కాబట్టి లెక్కలోకి రావు. మునిగిపోయిన బాకీలను వచ్చేవాటిలో కలిపి ఎక్కువ కట్టేవాళ్లూ ఉన్నారు. మాలికీ పద్ధతిలో ఇంకో సున్నితమైన తేడా ఉంది. రోజూ కొంటూ అమ్ముతూ ఉండే వ్యాపారి ఏటా సరుకుకు వెల కట్టాలి. ధర పెరుగుతుందని స్థలమో సరుకో కొని ఏళ్ల తరబడి అట్టే పెట్టుకున్నవాడు అమ్మినప్పుడు ఒక్క ఏడాదికే ఇస్తాడు.

ఆఫీసు లెక్కలకు వీలుగా ఉంటుందని జకాత్‌ను జనవరి నుంచి డిసెంబర్‌కు లెక్కేసేవాడు ఏటా 11 రోజులు వెనకబడతాడు. 33 ఏళ్లలో ఒక పూర్తి జకాత్ ఎగ్గొట్టినట్టే. తేలిగ్గా గుర్తుంటుందని ఆషూరాను గడువుగా పెట్టుకోవడం వెనక ఉన్న మంచి కారణం ఇదే: అది కచ్చితంగా చాంద్రమాన తేదీ. చెడు కారణం కూడా ఉంది. మూడు నెలల కిందటే జకాత్ పడ్డవాడు కూడా “ఆషూరాకు ఇద్దాంలే” అని ఆపేస్తాడు, ఈలోగా పేదవాడి హక్కు ఇతని గల్లాపెట్టెలో ఉంటుంది. ఈ ఫిర్యాదు కొత్తదేమీ కాదు. ఫెజ్ నుంచి వెళ్లి కైరోలో స్థిరపడి 1336లో చనిపోయిన మాలికీ పండితుడు ఇబ్న్ అల్-హాజ్, తన కాలపు జనం జకాత్‌ను ఆషూరా కోసం అట్టే పెడుతున్నారని గట్టిగా తప్పుబట్టాడు. ఆ రోజు పనిగట్టుకుని సమాధులకు వెళ్లడం, గింజలు వండటం కూడా ఆయన చిట్టాలో ఉన్నాయి. ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ చిట్టాలో మార్చాల్సింది పెద్దగా లేదు.

పిల్లలు ఇంటింటికీ వచ్చి “బాబా ఆషూర్ వంతు” అని చేయి చాపుతారు (ఆయన సంగతి తర్వాత చూద్దాం). వాళ్ల చేతిలో వేసే చిల్లర దానమే తప్ప జకాత్ కాదు, అందులోంచి కోసుకోవడానికి వీల్లేదు. తాను పోషించాల్సిన తల్లిదండ్రులకు, భార్యాబిడ్డలకు ఇచ్చింది కూడా జకాత్ కింద చెల్లదు.

సమాధుల దగ్గర

రోజులోకెల్లా నిశ్శబ్దమైన ఘట్టం ఇది. పొద్దున్నే కుటుంబాలు శ్మశానానికి వెళ్తాయి, ఎక్కువగా ఆడవాళ్లు. సమాధి మీద నీళ్లు చల్లుతారు, కొందరు అందులో నారింజపూల అత్తరు నీళ్లు కలుపుతారు. రీహాన్ రెమ్మలు ఉంచుతారు. మన సబ్జా మొక్కను ఉర్దూలో రైహాన్ అంటాం గానీ, మొరాకో శ్మశానాల ముందు ఆ పేరుతో అమ్మేది మిర్టిల్ అనే సువాసన పొద కొమ్మలు. ఖురాన్ చదివేవాళ్లు అక్కడే తిరుగుతుంటారు, వాళ్లతో కొన్ని అధ్యాయాలు చదివించి డబ్బిస్తారు. పేదలకు రొట్టె, ఎండు అంజీర్ పంచుతారు. పోయిన ఆషూరా తర్వాత ఇంట్లో ఎవరైనా చనిపోయి ఉంటే ఈ రాక మరింత బరువుగా ఉంటుంది.

మాంసం ఎక్కడిది?

బక్రీద్‌కూ ఆషూరాకూ మధ్య కచ్చితంగా ఒక చాంద్రమాన నెల. బక్రీద్ నాడు కోసిన గొర్రెలో కొంత మాంసం ఈ రోజు కోసమే దాస్తారు. దాన్ని గెద్దీద్ అంటారు, మన ఎండు మాంసం వరుగుల్లాంటిది. ఎముక లేని మాంసాన్ని వేలి మందం మించకుండా పొడవాటి పట్టీలుగా కోస్తారు. రెండు కిలోలకు సుమారు 100 గ్రాముల ఉప్పు, దంచిన వెల్లుల్లి ఒక గడ్డ, ధనియాల పొడి, జీలకర్ర, కాస్త కారం, కొద్దిగా వెనిగర్, ఆలివ్ నూనె పట్టించి ఒక రాత్రంతా ఊరనిస్తారు. తర్వాత డాబా మీద తీగలకు వేలాడదీసి నాలుగు నుంచి ఏడు రోజులు ఎండలో పెడతారు. సాయంత్రం కాగానే లోపలికి తేవాలి, మంచు పడితే బూజు పడుతుంది. పట్టీ మందంగా ఉంటే పైన గట్టిపడి లోపల కుళ్లుతుంది. సముద్రతీరపు ఊళ్లలో తేమ వల్ల ఇది తరచూ జరిగే నష్టం. ఇదే గెద్దీద్‌ను కొవ్వులో ఉడికించి జాడీలో నిల్వచేస్తే ఖ్లీ అవుతుంది. అది వేరే సరుకు, ఉదయం గుడ్లతో తినేది.

ఆషూరా రాత్రి వండేది ఏడు కూరగాయల కుస్కుస్. దానికి గెద్దీద్‌తో పాటు దియాలా ఉండాలి. అంటే గొర్రె తోక, దాన్ని అంటుకుని ఉండే వెన్ను చివరి ముక్క. ఉప్పు పట్టించి ఆరబెట్టి ప్రత్యేకంగా దాచింది. గెద్దీద్‌ను కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టి, ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్లు పారబోస్తారు. ఆ పని మానేసినా, పులుసులో ముందే ఉప్పు వేసినా నోట పెట్టలేం. ఉప్పు చివర్లో రుచి చూశాకే వేయాలి. క్యారట్, టర్నిప్, క్యాబేజీ లాంటి గట్టివి ముందు, గుమ్మడి, సొర జాతి కాయలు తర్వాత.

కుస్కుస్ అంటే గోధుమ రవ్వను నీళ్లు చిలకరిస్తూ చేత్తో రుద్ది చేసిన సన్నటి పలుకులు. దాన్ని నీళ్లలో ఉడికించకూడదు. కింద పులుసు ఉడుకుతుంటే, పైన అడుగున చిల్లులున్న గిన్నెలో ఆవిరికి పెట్టాలి. ఇడ్లీ పాత్ర సూత్రమే. రెండు గిన్నెల మధ్య సందును తడిబట్టతో చుట్టి మూస్తారు, లేకపోతే ఆవిరి పక్కల నుంచి పోయి పలుకులు ఉడకవు. ఆవిరి పైకి వచ్చాక 15, 20 నిమిషాలు ఉంచి, పళ్లెంలోకి తీసి, నీళ్లు చల్లి ఉండలు చిదిపి, మళ్లీ ఆవిరికి పెట్టాలి. ఇలా మూడు సార్లు. రెండుతో సరిపెడితే తినేటప్పుడు బాగానే ఉంటుంది, పొట్టలోకి వెళ్లాక ఉబ్బుతుందంటారు.

2025 ఆషూరాకు ఈ వంటలో ఒక వెలితి ఏర్పడింది. కరవులతో దేశంలో పశుసంపద గత గణన నాటి కంటే 38 శాతం పడిపోయిందని, ఆ ఏడాది బక్రీద్‌కు ఇంటింటా గొర్రెను కోయవద్దని రాజు మొహమ్మద్ 6 కోరాడు. ఆ లేఖను ఫిబ్రవరి 26న మంత్రి అహ్మద్ తౌఫీఖ్ టీవీలో చదివాడు. ప్రజలందరి తరఫున రాజే ఖుర్బానీ ఇచ్చాడు. అంతకు ముందు ఆయన తండ్రి హసన్ 2 కాలంలో 1963, 1981, 1996లలో ఇలాగే జరిగింది. జూన్ 7న ఇంట్లో గొర్రె తెగకపోతే జులై 5 రాత్రికి సొంత దియాలా ఎక్కడి నుంచి వస్తుంది? ఒక పండుగ ఆగితే నెల తర్వాతి రెండోదానికి రుచి తగ్గింది.

ఫాకియా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బాదం, అక్రోట్, వేరుశెనగ, ఎండుద్రాక్ష, ఖర్జూరం, అంజీర్, వేయించిన శెనగలు, నువ్వులూ సోంపూ వేసి కాల్చిన క్రిష్లాత్ అనే చిట్టి బిస్కెట్లు, అన్నీ కలిపిన పొట్లం. తూకానికి కొంటారు. బాదం తగ్గించి వేరుశెనగ పెంచడం, నిరుటి అంజీర్ కలపడం అంగడి మాయలు. అంజీర్‌ను విప్పి పురుగు చూసుకుని కొనడం గృహిణుల మాయ.

బాబా ఆషూర్‌కు శవయాత్ర

సంతాపం అసలు లేదనుకున్న చోట అది పిల్లల ఆటలో దాక్కుని ఉంటుంది. బక్రీద్ గొర్రె ఎముక ఒకటి తీసి, గోరింట పెట్టి, తెల్లగుడ్డ చుట్టి, “బాబా ఆషూర్ చనిపోయాడు” అని ఆడపిల్లలు ఏడుస్తూ మోసుకెళ్లి పాతిపెడతారు. కొన్ని ఇళ్లలో పెద్ద ఆడవాళ్లు మొహర్రం మొదటి రోజు నుంచి పదో రోజు దాకా బట్టలుతకడం, తల దువ్వుకోవడం మానేవారు. పెళ్లిళ్లు పెట్టుకునేవారు కాదు. ఈ బాబా ఆషూర్ ఎవరు? హుసేన్ జ్ఞాపకం పేరు మారి మిగిలిందని కొందరు, ముగిసిపోయిన పాత సంవత్సరాన్ని పాతిపెట్టడమని కొందరు. మొహర్రం కొత్త ఏడాది తొలి నెల కాబట్టి రెండో ఊహ కూడా కొట్టిపారేసేది కాదు.

అయితే అదే ఆడపిల్లలు అదే బాబా ఆషూర్ పేరుతో, ఈ రోజుల్లో తమ మీద ఎవరి పెత్తనమూ చెల్లదని, మగవాళ్ల ఏలుబడి ప్రవక్త జన్మదినపు నెలలో మొదలవుతుందని పాడుకుంటారు. మామూలు రోజుల్లో రాత్రి వీధిలోకి రాలేని పిల్ల డోలు పట్టుకుని నడిరాత్రి దాకా పాడుతుంది. పెద్దలు ఏమీ అనరు. ఆషూరా మీద మతపెద్దలు ఎన్ని విమర్శలు చేసినా ఆడవాళ్లు దాన్ని వదలకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం వెతకనక్కర్లేదు.

ఆ డోలు పేరు తారీజా. పూలకుండీలా నడుము సన్నగా ఉండే మట్టి గొట్టం, ఒక మూతికి తోలు. తేమకు తోలు సడలి చప్పుడు చచ్చిపోతుంది, మంట దగ్గర కాచితే మళ్లీ బిగుసుకుంటుంది. మరీ దగ్గర పెడితే తోలు చిట్లుతుంది. మరాకెష్‌లో మగవాళ్లు వీటితోనే దఖ్ఖా వాయిస్తారు. రాత్రి ఇషా నమాజు తర్వాత పేటల వారీగా కూర్చుని, ఆ నగరపు ఏడుగురు వలీలను (పుణ్యపురుషులను) తలుచుకుంటూ చాలా మెల్లగా మొదలుపెట్టి, గంటలు గడిచేకొద్దీ వేగం పెంచి, తెల్లవారుజామున ఉధృతంగా ముగిస్తారు. దీన్ని ఉల్లాసం అనడమా, ప్రార్థన అనడమా? వాయించేవాళ్లను అడిగితే ప్రశ్నే అర్థం కానట్టు చూస్తారు.

తీజ్నీత్‌లో ముసుగులు వేసుకుని తిరిగే ఇమఅషార్, గుల్మీమాలో యూదుల వేషాలు కట్టే రాత్రి కూడా ఆషూరా చుట్టూ జరిగేవే. అమజీగ్ (బెర్బర్) ఊళ్లలో ముస్లింలూ యూదులూ పక్కపక్కనే బతికిన కాలపు గుర్తులు అవి.

నిప్పు, నీళ్లు

మంటను షుఆలా అంటారు. పిల్లలు వారం ముందు నుంచీ కట్టెలు పోగేసి దాస్తారు, పక్క వీధివాళ్లు ఎత్తుకుపోకుండా కాపలా కాస్తారు. కుర్రాళ్లు మంట మీదుగా దూకుతారు. 20వ శతాబ్దపు తొలినాళ్లలో మొరాకోలో తిరిగిన ఐరోపా పరిశోధకులు, దీన్ని ఇస్లాంకు ముందటి వ్యవసాయ పూజల శేషమన్నారు. వాళ్లలో ఫిన్లాండ్ పండితుడు వెస్టర్‌మార్క్ ముఖ్యుడు. ఆ మాటకో ఇబ్బంది ఉంది. పంటల మంట అయితే ఒక రుతువుకు కట్టుబడి ఉండాలి. ఆషూరా ఏటా 11 రోజులు జరిగిపోతుంది. మొరాకోలోనే అన్సరా అని ఇంకో పండుగ ఉంది. అది సౌరమాన లెక్కలో నడివేసవిలో వస్తుంది, దానికీ మంటలు, నీళ్లు ఉన్నాయి. అక్కడి నుంచి కొన్ని అలవాట్లు ఆషూరాకు జరిగి ఉండొచ్చు, అంతకు మించి గట్టిగా చెప్పలేం. తెలంగాణ పీర్ల గుండం, ఆఖరి రోజు ఏటి నీళ్లు ఇక్కడ మన మనసులో మెదలడం సహజమే. కానీ రెండు చోట్లా నిప్పు, నీరు ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపడం తొందరపాటే.

ఈ మంటలు ఇప్పుడు పోలీసులకు తలనొప్పి. కట్టెల స్థానంలో పాత టైర్లు వచ్చాయి. ఆ నల్లటి పొగ ఇరుకు సందుల్లో ఊపిరాడనివ్వదు, కరెంటు తీగలు కాలతాయి. టపాకాయలు మరో బెడద. చేతివేళ్లు, కళ్లు పోగొట్టుకునేది ఎక్కువగా పిల్లలే. అనుమతి లేకుండా ఇలాంటి పేలుడు సరుకు ఉంచుకుంటే రెండు నుంచి అయిదేళ్ల జైలు, 50,000 నుంచి 5,00,000 దిర్హామ్‌ల జరిమానా వేయొచ్చని 22.16 నంబరు చట్టం చెబుతోంది. ఆషూరాకు ముందు వారాల్లో గోదాముల మీద దాడులు, టన్నుల కొద్దీ సరుకు స్వాధీనం పత్రికల్లో ఏటా వచ్చే వార్తలే.

మర్నాడు పొద్దున జమ్‌జమ్. మక్కాలోని బావి పేరే దీనికి పెట్టుకున్నారు. కొన్ని ఊళ్లలో పదో రోజునే, కొన్నిచోట్ల ఆ మర్నాడు. ఆ రోజు నీటిలో బర్కత్ (దైవానుగ్రహం) ఉంటుందన్న నమ్మకంతో పెద్దలు గుమ్మం మీద, ధాన్యం మీద, పశువుల మీద, అంగడి సరుకు మీద కొద్దిగా చిలకరిస్తారు. పిల్లలు బకెట్లతో పోస్తారు. ఇటీవల గుడ్లు విసరడం కూడా మొదలైంది, దానికి ఏ బర్కత్ పేరూ పెట్టలేకపోయారు. అల్జీరియాలో ఆషూరా ప్రభుత్వ సెలవు. మొరాకోలో సెలవు మొహర్రం ఒకటో తేదీకే. పదో తేదీన బ్యాంకులూ ఆఫీసులూ తెరిచే ఉంటాయి కాబట్టి, ఆ ఉదయం డ్యూటీకి బయల్దేరే గుమస్తా సంచిలో ఇంకో చొక్కా పెట్టుకుంటాడు.